రెండో కేబుల్ బతికే ఉందా?

ర్యాక్ వెనక నీళ్లు కారుతున్నాయని ఏసీ మెకానిక్‌ను మేమే పిలిపించాం. నిచ్చెన వేసుకోవడానికి చోటు చాలక అతను పక్కకు జరిగాడు. భుజం తగిలి ఒక కేబుల్ ఊడింది. కనెక్టర్ మీద ఉండే ప్లాస్టిక్ క్లిప్పు ఎప్పుడో విరిగిపోయినట్టుంది, ఆ మాత్రానికే జారి వచ్చేసింది. పాపం, అతను దాచలేదు. "సార్, ఏదో ఊడింది" అన్నాడు. వేలాడుతున్న కొసకున్న లేబుల్ చూశాను. బ్యాకప్ సర్వర్‌ది. "పర్లేదులే, దానికి ఇంకోటుంది. మీ పని కానివ్వండి, తర్వాత పెడతాను" అన్నాను. తర్వాత టీకి వెళ్లాను. అంతే, మరిచిపోయాను.

ఆ రాత్రి పదకొండింటికి నైట్ షిఫ్ట్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, అకౌంట్స్ వాళ్ల ఫోల్డర్ ఎవరో డిలీట్ చేసేశారు. రీస్టోర్ పెడదామంటే బ్యాకప్ సర్వర్ పింగే రావట్లేదు." మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా బండి మీద వెళ్తూ దారి పొడవునా ఒకటే లెక్క వేసుకున్నాను. ఊడింది ఒకటే కదా, రెండోది ఉండాలి కదా. ఉంది. తన పోర్టులో బుద్ధిగా కూర్చునే ఉంది. కాకపోతే దాని లైటు వెలగడం లేదు. పాత లాగ్ ఫైళ్లు విప్పి చూస్తే నాలుగు నెలల కిందటి తేదీతో ఒకే ఒక్క లైను కనిపించింది: లింక్ డౌన్. ఆ తర్వాత దాని ఊసే లేదు.

ఊడిన కేబుల్‌ను మళ్లీ గుచ్చడానికి రెండు సెకన్లు పట్టింది. సిగ్గు తీరడానికి మాత్రం చాలా రోజులే పట్టింది. మూడేళ్ల కిందట ఆ రెండు పోర్టులనూ కలిపి బాండ్ చేసింది నేనే. ఇక ఒక కేబుల్ పోయినా ఎవరికీ తెలియను కూడా తెలియదని మేనేజర్‌కు గొప్పగా మెయిల్ పెట్టాను. అన్నట్టే జరిగింది. ఒకటి పోయింది, ఎవరికీ తెలియలేదు.

బాండింగ్ మీద రాసేవాళ్లంతా ఎలా కలపాలో చెబుతారు. కలపడం అరగంట పని. కలిపిన రెండింట్లో ఒకటి పోతే మనకెలా తెలుస్తుంది అన్నదే అసలు పని. లోపాన్ని మన కంట పడకుండా కప్పేయడమే బాండ్ ఉద్యోగం మరి. ఆ ఉద్యోగం అది చక్కగా చేస్తుంది. అందుకని బాండ్ పెట్టిన రోజే దాని మీద చాడీలు చెప్పేవాణ్ని కూడా పక్కన కూర్చోబెట్టాలి.

బ్యాకప్ సర్వర్ విషయంలో ఇది రెట్టింపు అవసరం. మెయిల్ సర్వర్ కాస్త మందగిస్తే అయిదు నిమిషాల్లో పది ఫోన్లు వస్తాయి. బ్యాకప్ సర్వర్ ఆగిపోతే ఎవరు చేస్తారు ఫోన్? దాన్ని వాడేవాళ్లంటూ ఎవరూ లేరు, ఏదో పోయిన రోజు తప్ప. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ప్రొడక్షన్ డేటాబేస్ ఫోల్డర్ పొరపాటున చెరిగిపోయినప్పుడు జరిగింది కూడా ఇలాంటిదే. బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ కలవక రోజూ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. దాచుకోకుండా ఆ కంపెనీయే అదంతా బయటపెట్టింది కాబట్టి మనకు తెలిసింది. మన ఆఫీసుల్లో జరిగేవి బయటికి రావు, అంతే తేడా.

ముందు ఎందుకో తేల్చుకోండి

రెండు పోర్టులు ఎందుకు కలుపుతున్నారని ఎవరినైనా అడిగి చూడండి. "స్పీడ్ డబుల్ అవుతుంది కదా" అంటారు. పదిమందిలో ఎనిమిదిమంది జవాబు ఇదే. ఇది పూర్తిగా తప్పని అనను కానీ, మీరు అనుకునే చోట మాత్రం డబుల్ కాదు.

సంక్రాంతికి ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా గుర్తు తెచ్చుకోండి. లేన్లు పెంచితే గంటకు పోయే కార్ల సంఖ్య పెరుగుతుంది. కానీ మీ కారు పోయేది ఒక్క లేన్‌లోనే. అది సగం ఈ లేన్‌లో, సగం ఆ లేన్‌లో పోదు. నెట్‌వర్క్‌లో ఒక కనెక్షన్ కూడా అంతే. రెండు 1 గిగాబిట్ పోర్టులు కలిపినా, ఒక సర్వర్ నుంచి ఒకే కనెక్షన్ మీద వచ్చే బ్యాకప్ ఒక్క పోర్టు మీదనే వస్తుంది.

లెక్క కట్టి చూడండి. 1 గిగాబిట్ అంటే కాగితం మీద సెకనుకు 125 మెగాబైట్లు. హెడర్లూ అవీ పోను చేతికొచ్చేది 110 చుట్టుపక్కల. 10 టెరాబైట్ల సర్వర్‌ను ఆ వేగంతో రీస్టోర్ చేయాలంటే పాతిక గంటలు దాటుతుంది. బాండ్ చేశాక? అదే పాతిక గంటలు. వేగమే కావాలంటే రెండు 1 గిగాబిట్ పోర్టుల్ని ముడేయకండి, 10 గిగాబిట్ కార్డు కొనండి. కొనేముందు మీ డిస్కులు అంత వేగంగా రాయగలవా అని కూడా చూసుకోండి. లేకపోతే రోడ్డు వెడల్పు చేసి ఇంటి గుమ్మం మాత్రం అలాగే ఉంచినట్టు అవుతుంది.

ఒకే కనెక్షన్‌ను రెండు తీగల మీద చీల్చి పంపే మోడ్ లైనక్స్‌లో ఒకటి లేకపోలేదు. బ్యాలన్స్-ఆర్ఆర్ అంటారు, ప్యాకెట్లను తలా ఒకటి చొప్పున పంచుతుంది. బాండింగ్ పుట్టిందే అలా. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ పదహారు 486 డీఎక్స్4 కంప్యూటర్లను కలిపి బియోవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. అప్పటి 10 మెగాబిట్ ఈథర్నెట్ ఆ ప్రాసెసర్లకు చాలలేదు, స్విచ్‌లు కొందామంటే ధర మండిపోతోంది. దాంతో బెకర్ డ్రైవర్లను తిరగరాసి, ఒకే ట్రాఫిక్‌ను ఒకటికి మించిన ఈథర్నెట్‌ల మీద పరిచాడు. వాళ్ల అవసరం వేరు, వాళ్ల నెట్‌వర్క్ మొత్తం వాళ్ల చేతిలోనే ఉంది. మామూలు ఆఫీసు స్విచ్ మీద ఆ మోడ్ పెడితే ప్యాకెట్లు వెనకా ముందూ అయి చేరతాయి. పోయాయేమోనని టీసీపీ మళ్లీ పంపుతుంది. రెండో తీగ లాభంలో కొంత అక్కడే ఆవిరైపోతుంది. బ్యాకప్ సర్వర్‌కు వద్దు.

కాబట్టి కాగితం తీసుకుని పైన ఒక వాక్యం రాసుకోండి: "ఏ ఒక్క కేబుల్, ఏ ఒక్క కార్డు, ఏ ఒక్క స్విచ్ పోయినా ఈ సర్వర్ అందుబాటులో ఉండాలి." కింద చెప్పేదంతా ఆ వాక్యం కోసమే. వేగం వస్తే కొసరు.

వచ్చే సరుకు, పోయే సరుకు

లైనక్స్ బాండింగ్‌లో 0 నుంచి 6 వరకు ఏడు మోడ్‌లున్నాయి. అన్నీ నేర్చుకోనక్కర్లేదు. మన పనికొచ్చేవి రెండు: 1, 4. 1 అంటే యాక్టివ్-బ్యాకప్. ఒక పోర్టు పని చేస్తుంటే రెండోది ఖాళీగా కాచుకుని ఉంటుంది. స్విచ్ వైపు ఏ సెట్టింగూ అక్కర్లేదు. 4 అంటే 802.3ఏడీ, మనవాళ్లు ఎల్ఏసీపీ అనేది. రెండు పోర్టులూ పనిచేస్తాయి, కానీ స్విచ్ కూడా అదే భాష మాట్లాడాలి. ఈ ప్రమాణం 2000లో వచ్చింది, 2008లో 802.1ఏఎక్స్‌గా పేరు మారింది. మాటల్లో మాత్రం ఇప్పటికీ పాత పేరే.

ఎల్ఏసీపీలో ఏ కనెక్షన్ ఏ తీగ మీద పోవాలో హ్యాష్ తేలుస్తుంది. మళ్లీ టోల్‌ప్లాజాకే వద్దాం. నంబర్ ప్లేట్ చివరి అంకె సరి సంఖ్యయితే ఎడమ లేన్, బేసి అయితే కుడి లేన్ అని రూలు పెట్టారనుకోండి. హ్యాష్ అంటే అదే. బేసి నంబర్లవాళ్లే ఎక్కువగా వస్తే కుడి లేన్ కిటకిటలాడుతుంది, ఎడమ లేన్‌లో వాచ్‌మన్ కునుకు తీస్తుంటాడు. లైనక్స్ డీఫాల్ట్ హ్యాష్ మ్యాక్ అడ్రస్‌లను చూస్తుంది, దాని పేరు లేయర్2. మీ సర్వర్లన్నీ వేరే సబ్‌నెట్‌లో ఉండి రూటర్ దాటి వస్తుంటే, బ్యాకప్ సర్వర్‌కు కనిపించే మ్యాక్ ఒక్క రూటర్‌దే. అంటే ఊళ్లో కార్లన్నిటికీ ఒకే నంబర్ ప్లేట్! అందుకే ఐపీలనూ పోర్టు నంబర్లనూ కలిపి చూసే లేయర్3+4 పెట్టుకోమంటారు. కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఒక జాబ్‌నే నాలుగైదు కనెక్షన్లుగా చీల్చి పంపుతాయి. అలాంటప్పుడు లేయర్3+4 ఉంటే నిజంగానే రెండు తీగలూ వాడకంలోకి వస్తాయి.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. దీని తర్వాతి మెట్టు దగ్గరే నేను రెండు వారాలు తల బాదుకున్నాను. లేయర్3+4 పెట్టాను, సర్వీసు రీస్టార్ట్ చేశాను, రాత్రి బ్యాకప్ జరుగుతుండగా గ్రాఫ్ చూశాను. ఒక తీగ నిండా ట్రాఫిక్, రెండోది ఎండిపోయిన కాలవ. మళ్లీ మార్చాను. మళ్లీ అదే. నేను మారుస్తున్నది సర్వర్ నుంచి బయటికి పోయే ట్రాఫిక్ రూలు. ప్రతి చివరా తాను పంపేదానికి మాత్రమే దారి ఎంచుకుంటుంది, అవతలివైపు నుంచి వచ్చేదాని మీద దానికి అధికారం లేదు. బ్యాకప్ సర్వర్‌కు రాత్రంతా సరుకు లోపలికే వస్తుంది. దాని దారి ఎంచుకునేది స్విచ్. స్విచ్‌లో లోడ్ బ్యాలన్సింగ్ ఇంకా మ్యాక్ మీదే ఉంది. నెట్‌వర్క్ టీంలో ఒకాయన్ని బతిమాలి అక్కడ మార్పించాక గానీ రెండో తీగలో నీళ్లు పారలేదు. సర్వర్ వైపు సెట్టింగ్ ఉపయోగపడేది రీస్టోర్ రోజున. అది కూడా ముఖ్యమే, అందుకని రెండు వైపులా చూసుకోండి.

అయిదో మోడ్‌ను, అంటే టీఎల్‌బీని బ్యాకప్ సర్వర్‌కు నేను సిఫార్సు చేయనిదీ ఇందుకే. అది పోయే ట్రాఫిక్‌ను మాత్రమే పంచుతుంది. ఆరోది, ఏఎల్‌బీ, వచ్చేదాన్ని కూడా పంచడానికి ఒక గారడీ చేస్తుంది. ఒక్కో క్లయింట్‌కు ఒక్కో మ్యాక్ అడ్రస్ చెప్పి పంపుతుంది. ఐపీవీ4లో, అదే సబ్‌నెట్‌లో ఉన్నవాళ్ల దగ్గర ఆ గారడీ పారుతుంది. కానీ ఏదైనా తేడా వచ్చిన రాత్రి ఎవరు ఎవరితో ఏ మ్యాక్ మీద మాట్లాడుతున్నారో వెతికి పట్టుకోవాల్సింది మీరే.

స్టోరేజీ ఐస్కజీ మీద ఉంటే దానికి బాండ్ వద్దు, రెండు ఐపీలు పెట్టి మల్టీపాత్ వాడండి. విండోస్ ఫైల్ షేర్లయితే ఎస్ఎంబీ 3 నుంచి వచ్చిన మల్టీచానల్ తనంతట తానే రెండు కార్డులూ వాడుకుంటుంది.

రెండో తాళంచెవి

ఇంటికి రెండో తాళంచెవి చేయించి, దాన్ని కూడా అదే గుత్తికి తగిలించుకునేవాళ్లను చూసి నవ్వుకుంటాం. సర్వర్ల దగ్గర మనం చేసేది అదే. ఒకే కార్డు మీద రెండు పోర్టులుంటే ఆ రెండింటినే కలుపుతాం. కార్డు పోతే రెండూ పోతాయి. మదర్‌బోర్డు మీద ఉన్న పోర్టు ఒకటి, విడి కార్డు మీద పోర్టు ఒకటి తీసుకోండి. రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లో గుచ్చుతాం. స్విచ్ పవర్ పోతే? రెండు స్విచ్‌లకు వేసుకోండి. ఆ రెండు స్విచ్‌ల ప్లగ్గులూ ఒకే యూపీఎస్‌కు ఉన్నాయేమో వెనక్కి వంగి చూడండి. మా దగ్గర ఉన్నాయి. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఎవరో ఫోన్ ఛార్జర్ కూడా పెట్టుకున్నారు.

రెండు స్విచ్‌లు అనగానే ఎల్ఏసీపీకి ఒక మెలిక పడుతుంది. అది మామూలుగా ఒకే స్విచ్‌తో కుదుర్చుకునే ఒప్పందం. రెండు విడివిడి స్విచ్‌లకు వేస్తే, ఒక పోర్టు వైపు ఒక గుంపు, రెండో పోర్టు వైపు ఇంకో గుంపు ఏర్పడి, ఏదో ఒక గుంపే పనిచేస్తుంది. రెండు స్విచ్‌లూ బయటికి ఒకటిగా కనిపించాలంటే స్టాక్ చేయాలి, లేదా ఎంల్యాగ్ లాంటి సౌకర్యం ఉండాలి. స్టాక్‌లో ఒక చిక్కుంది. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు చాలా మోడళ్లలో రెండూ కలిసే రీబూట్ అవుతాయి.

నన్నడిగితే, స్విచ్‌ల మీద మీకు పట్టు లేని చోట, అవి వేరే టీం చేతిలో ఉన్న చోట యాక్టివ్-బ్యాకప్ పెట్టుకుని హాయిగా ఉండండి. ఒక పోర్టు ఊరికే ఉంటోందని బాధపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. రైతు రెండో మోటారు కొని షెడ్డులో పెట్టుకునేది రెండూ కలిపి తిప్పుదామని కాదు.

చేయి పెట్టే ముందు

రిమోట్‌గా లాగిన్ అయి, ఆ లాగిన్ నడుస్తున్న ఐపీనే పీకేసి, స్క్రీన్ స్తంభించిపోయాక నాలుక కరుచుకోని అడ్మిన్ ఎవరైనా ఉన్నారా? అందుకని ముందు ఐడ్రాక్, ఐఎల్ఓ లాంటి మేనేజ్‌మెంట్ పోర్టు కన్సోల్ తెరిచి, అందులోంచి లాగిన్ అవుతోందని చూసుకుని ఆ తర్వాతే మొదలుపెట్టండి. ఉబుంటులో నెట్‌ప్లాన్ ట్రై అనే కమాండ్ ఉంది. మార్పు నచ్చిందని 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగ్‌కు వెళ్లిపోతుంది. చాలామంది దాన్నే నమ్ముకుంటారు. కానీ బాండ్ పారామీటర్లను వెనక్కి తీసుకోవడం తనకు చేతకాదని ఆ కమాండే ఒప్పుకుంటుంది. సరిగ్గా మనకు కావలసిన చోట అది సాయపడదన్నమాట. రెడ్‌హ్యాట్ వాళ్లయితే ఎన్ఎంసీఎల్ఐతో చేసుకోండి. 7లో వచ్చిన టీమింగ్ జోలికి కొత్తగా పోకండి. 9 నుంచి దాన్ని పక్కన పెట్టేస్తున్నామని వాళ్లే చెప్పారు.

తర్వాత, ఏ పేరు ఏ రంధ్రానిది? ఈఎన్ఓ1, ఈఎన్‌పీ3ఎస్0 అని స్క్రీన్ మీద కనిపిస్తాయి, ర్యాక్ వెనక అన్నీ ఒకేలా ఉంటాయి. ఈథ్‌టూల్ కమాండ్‌కు మైనస్ పీ తగిలించి పోర్టు పేరు ఇవ్వండి, ఆ పోర్టు లైటు మిణుకుమిణుకుమంటుంది. ఒకరు కీబోర్డు దగ్గర, ఒకరు ర్యాక్ వెనక ఉండి "ఇదేనా?", "ఆ, అదే" అనుకుంటూ కేబుల్ రెండు కొసలకూ లేబుళ్లు అంటించండి. క్లిప్పు విరిగిన కనెక్టర్ కనిపిస్తే ఆ కేబుల్‌ను అక్కడికక్కడే కత్తిరించి పారేయండి. మళ్లీ ఎవరూ తీసి వాడకుండా.

ఫైల్‌లో రాయాల్సింది నిజానికి కొంచెమే. రెండు పోర్టులకూ ఐపీ తీసేయాలి, వాటిని బాండ్0 కింద చేర్చాలి, ఐపీ, గేట్‌వే బాండ్0కు ఇవ్వాలి, మోడ్ రాయాలి. ఇంకో లైను మాత్రం మరవకండి: మియిమాన్. లింక్ బతికుందా అని ఎన్ని మిల్లీసెకన్లకోసారి చూడాలో చెప్పే అంకె అది. సున్నా ఉంటే ఆ నిఘానే ఉండదు, తీగ పీకినా బాండ్‌కు చీమకుట్టినట్టయినా ఉండదు. డీఫాల్ట్ ఏముందో అని ఆలోచించకండి, 100 అని మీ చేత్తో రాయండి.

మియిమాన్ చూసేది పోర్టు లైటు వెలుగుతోందా అని మాత్రమే. స్విచ్ బతికే ఉండి, దాని నుంచి మెయిన్ స్విచ్‌కు పోయే తీగ తెగిందనుకోండి. మీ లైటు వెలుగుతూనే ఉంటుంది, సర్వర్ మాత్రం ద్వీపంలో చిక్కుకుంటుంది. యాక్టివ్-బ్యాకప్‌లో దీనికి ఏఆర్‌పీ నిఘా మందు. గేట్‌వేనూ ఇంకో ఒకటి రెండు సర్వర్లనూ "ఉన్నారా?" అని మాటిమాటికీ పలకరిస్తుంది, బదులు రాకపోతే రెండో తీగకు మారుతుంది. పలకరించే లిస్టులో ఒకే ఐపీ పెట్టకండి, ఆ ఒక్కటీ రీబూట్ అయితే మీ బాండ్ కంగారు పడిపోతుంది. మియిమాన్, ఏఆర్‌పీ రెండూ ఒకేసారి పనిచేయవు, ఒకటే ఎంచుకోవాలి.

పోవడం సులువే

అన్నీ అయ్యాయి. ఇప్పుడు కేబుల్ పీకండి. ఇంటర్‌ఫేస్ డౌన్ అని కమాండ్ ఇవ్వడం పరీక్ష కిందికి రాదు, చేత్తో పీకాలి. పక్క స్క్రీన్‌లో పింగ్ నడుస్తుండగా పీకితే ఒకటో రెండో పింగ్‌లు పోయి మళ్లీ వస్తాయి. అందరూ చప్పట్లు కొడతారు. నేనూ కొట్టించుకున్నాను. ఆ తర్వాత స్విచ్‌నే రీబూట్ చేయించాను. అది పడిపోయినప్పుడు ఒక్క పింగ్ కూడా పోలేదు. అది లేచినప్పుడు ముప్పై పోయాయి.

ఏమైందంటే, ఆ స్విచ్‌కు పోయే పోర్టును నేను ప్రైమరీ అని రాశాను. స్విచ్ లేస్తూనే పోర్టు లైటు వెలిగింది. లైటు చూడగానే బాండ్ ప్రైమరీ మీదికి దూకేసింది. స్విచ్ మాత్రం స్పానింగ్ ట్రీ లెక్కల్లో ఉంది. లిజనింగ్ 15 సెకన్లు, లెర్నింగ్ 15 సెకన్లు గడిస్తే గానీ ఒక్క ప్యాకెట్ వదలదు. దీనికి మూడు మార్గాలున్నాయి. స్విచ్‌లో ఆ పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ పెట్టించండి. లేదా బాండ్‌లో అప్‌డిలే అనే అంకెను నిమిషం దాకా పెంచండి, లైటు వెలిగాక అంతసేపు ఆగి అప్పుడు నమ్ముతుంది. లేదా పాత ప్రైమరీ తిరిగొచ్చినా వెనక్కి మారొద్దని, ఇప్పుడున్న తీగ పోతేనే మారమని చెప్పండి. నేను మూడోది ఎంచుకున్నాను. నడుస్తున్న బండిని ఆపి ఎద్దుల్ని మార్చడం నాకు ఎందుకో ఇష్టం ఉండదు.

రిజిస్టరు

ఇప్పుడు ఆ చాడీలు చెప్పేవాడి సంగతి. ప్రాక్‌లో నెట్, అందులో బాండింగ్, అందులో బాండ్0 అనే ఫైల్ తెరిచి చూడండి. మోడ్ ఏమిటి, ఇప్పుడు పనిలో ఉన్న పోర్టు ఏది, ఒక్కో పోర్టు ఎంఐఐ స్టేటస్ ఏమిటి, ఇప్పటిదాకా ఎన్నిసార్లు తెగింది, అన్నీ అందులో ఉంటాయి. అయిదు నిమిషాలకోసారి దాన్ని చదివి తేడా ఉంటే మెయిల్ పంపే చిన్న స్క్రిప్టు చాలు. ప్రోమిథియస్ వాడేవాళ్లకు నోడ్ ఎక్స్‌పోర్టర్ ఈ లెక్కలు తీసి ఇస్తుంది.

స్క్రిప్టు రాసేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. "డౌన్" అనే మాట కనిపిస్తే మెయిల్ పంపమని రాశాను. ఒకసారి కెర్నల్ అప్‌డేట్ తర్వాత విడి కార్డు డ్రైవర్ లోడ్ కాలేదు. ఆ పోర్టు ఫైల్‌లోంచి మొత్తానికే మాయమైంది. లేని పోర్టుకు "డౌన్" అని ఎవరు రాస్తారు? అందుకని "అప్"లో ఉన్న పోర్టులు లెక్కపెట్టండి, రెండు లేకపోతే అరవమనండి. పనిలో పనిగా స్పీడ్ కూడా చూడమనండి. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక తీగ తెగితే చాలాసార్లు లింక్ పోదు, 100కు పడిపోతుంది. స్టేటస్ "అప్" అనే చెబుతుంది, రాత్రి రెండు గంటల్లో అయ్యే బ్యాకప్ మర్నాడు మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఎల్ఏసీపీ వాడేవాళ్లు రెండు పోర్టులకూ అగ్రిగేటర్ ఐడీ ఒకటే ఉందా అని చూడాలి. వేరు వేరుగా ఉంటే స్విచ్ వైపు ఒప్పందం కుదరలేదని అర్థం. రెండూ "అప్", పనిచేసేది ఒకటే.

ఇంత చేసినా నాకు నమ్మకం కుదరలేదు. ఇంటి లెక్కలు రాసుకునేలాంటి పొడుగు రిజిస్టరు ఒకటి కొని ర్యాక్ తలుపుకు వేలాడదీశాను. తేదీ, ఏ కేబుల్ పీకాం, ఎన్ని పింగ్‌లు పోయాయి, మెయిల్ ఎన్ని నిమిషాలకు వచ్చింది, ఎవరు చేశారు, రిమార్కులు. నెలలో మొదటి శనివారం, పగలు, బ్యాకప్‌లేవీ నడవని వేళ. ఈ నెల ఎడమది పీకితే వచ్చే నెల కుడిది.

మొదటి శనివారం నేనూ ఆ నైట్ షిఫ్ట్ కుర్రాడూ కలిసి చేశాం. పదిన్నరకు పీకాం. ఒక పింగ్ పోయింది. మెయిల్ కోసం కూర్చున్నాం. పది నిమిషాలు, పావుగంట. "రాలేదన్నా" అన్నాడు. స్క్రిప్టు చూశాం, సరిగ్గానే నడిచింది, మెయిల్ పంపింది కూడా. ఎవరికి పంపిందో చూస్తే, అది ఏడాది కిందట ఉద్యోగం మానేసి కెనడా వెళ్లిపోయిన మా పాత సీనియర్ అడ్రస్. ఆయన పాత స్క్రిప్టు నుంచి నేనే కాపీ కొట్టాను, అడ్రస్ మార్చలేదు. దాన్ని టీం మెయిల్‌కు మార్చి, కేబుల్ పెట్టి, మళ్లీ పీకాం. నాలుగో నిమిషంలో ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి.

ఆరో నెలకు నేను వెళ్లడం మానేశాను, కుర్రాడే చేసుకుంటున్నాడు. మొన్న ఏదో పని మీద ర్యాక్ దగ్గరికి వెళ్లి రిజిస్టరు తిరగేశాను. పింగ్‌లు ఒకటి, సున్నా, ఒకటి. మెయిల్ మూడు నిమిషాలు, అయిదు, రెండు. పోయిన నెల రిమార్కుల గడిలో వాడి కోడిగీతల్లో ఉంది: "కుడి కేబుల్ క్లిప్పు విరిగింది. కత్తిరించి పారేశాను. కొత్తది వేశాను."